బడి విడిచాక: బాగేపల్లి సీమలో సాయంకాలపు చదువులకు డబ్బు నడిచిన దారి

రాత్రి బడుల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఆశయాలతో మొదలుపెడతారు. జమాఖర్చుల పుస్తకంతో మొదలుపెడితే అసలు సంగతి త్వరగా తెలుస్తుందని నా నమ్మకం. బడి గంట కొట్టాక పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టి చదివించే మనిషికి నెలకెంత ముట్టింది, ఆ సొమ్ము ఎవరిది, ఎన్నేళ్లు వచ్చింది, రావడం మానేశాక ఏమైంది అని అడిగితే చాలు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో గత అర్ధశతాబ్దపు కథంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

2007 దాకా ఈ మూడు తాలూకాలూ కోలారు జిల్లావి. చిత్రావతి, పాపాఘ్ని ఇక్కడి కొండల్లోనే పుడతాయి గానీ వాటిలో నీళ్లు చూడాలంటే గట్టి వాన పడాలి. బాగేపల్లి వైపు మెట్ట చేలు, వేరుశనగ, రాగి, మేకలు. చింతామణి, దాని పక్కనున్న శిడ్లఘట్ట వైపు బోరునీళ్ల కింద మల్బరీ, ఇళ్లల్లో పట్టుపురుగులు. బాగేపల్లి పల్లెల్లో ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడం. హిందూపురం, కదిరి, మదనపల్లె సంతలూ సంబంధాలూ బెంగళూరుకన్నా దగ్గర.

ఇలాంటి సీమలో పిల్లల చదువును దెబ్బతీసింది బడి లేకపోవడం ఒక్కటే కాదు. బడి ఉన్న ఊళ్లోనూ గడియారం కుదరలేదు. పట్టుపురుగుల ఇంటినే చూడండి. గుడ్డు పగిలిన నాటినుంచి గూడు కట్టేదాకా పురుగుకు పట్టేది నెలకు కాస్త తక్కువ. మధ్యలో నాలుగుసార్లు అది మేత మాని కుబుసం విడుస్తుంది. రైతులు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగు తన జీవితమంతా తినే ఆకులో నాలుగింట మూడు వంతులకు పైగా ఆ ఒక్క వారంలోనే తినేస్తుంది. పొద్దున్నే కోసిన ఆకు వాడిపోకముందే వేయాలి, సాయంత్రం మళ్లీ కోయాలి, రాత్రి మళ్లీ వేయాలి. పండిన పురుగుల్ని ఏరి అవి గూడు కట్టే చంద్రికల మీదికి చేర్చే రోజైతే ఇంట్లో ఏ చేతికీ తీరిక ఉండదు, ఎనిమిదేళ్ల చేతికి కూడా. ఒక్క పూట ఆలస్యమైతే నెల కష్టం నేలపాలు. ఆ నాలుగు రోజులు బడికి పోని పిల్లకు తర్వాత పాఠం అందదు. ఇలా పంట పంటకూ జరిగితే అయిదో తరగతికి వచ్చేసరికి చదువు మీదే మనసు విరిగిపోతుంది. మెట్ట వైపు పురుగుల స్థానంలో మేకలూ, వేరుశనగ పీకుడూ, కట్టెల మోపులూ ఉంటాయి. అందుకే ఇక్కడ బడి వేళల బయట నడిచే చదువు అదనపు సౌకర్యం కాదు. తప్పిపోయిన పాఠాన్ని మళ్లీ పట్టుకోవడానికి చాలామందికి అదొక్కటే దారి.

ఈ దారి పాతదే. చిక్కబళ్లాపురం తాలూకా ముద్దేనహళ్లిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1912 నుంచి 1918 దాకా మైసూరు దివానుగా ఉన్నారు. 1913లో ప్రాథమిక విద్యకు శాసనం వచ్చింది. పెద్దలకు అక్షరాలు నేర్పే రాత్రి తరగతులకూ ఆ కాలంలోనే సంస్థానం సొమ్ము కేటాయించింది. అంతకన్నా పాతది మరొకటుంది. చింతామణి తాలూకా కైవారంలో నారాయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పారు. ఆ కీర్తనల చుట్టూ అల్లుకున్న భజన గోష్ఠుల్లో చదువురానివాళ్లు కూడా రాత్రిపూట కూర్చుని వందల పంక్తులు కంఠస్థం చేశారు. దానికి గ్రాంటు లేదు, ఊరు వేసిన గింజలే. పల్లెలో రాత్రి బడి పెట్టాలంటే ఎవరికైనా మొదట గుర్తొచ్చే చోటు ఇప్పటికీ భజన గుడి అరుగే.

గౌరిబిదనూరు తాలూకా హొసూరులో బీద ఇంట పుట్టిన హెచ్. నరసింహయ్య ఎంచుకున్న దారి వేరు. బెంగళూరు వెళ్లి, హాస్టల్లో ఉండి చదువుకుని, తర్వాతి కాలంలో బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయిన ఆ గాంధేయవాది 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం స్థాపించారు. తరగతి గది బయట, పరీక్ష అవసరం లేకుండా, ఎవరైనా వచ్చి విజ్ఞానం వినొచ్చన్న ఏర్పాటు అది. గౌరిబిదనూరులోనూ బాగేపల్లిలోనూ నేషనల్ కాలేజీలు రావడం వెనక ఉన్నదీ ఆయనే. హాస్టలూ కాలేజీ పిల్లవాణ్ని ఊరినుంచి బయటికి తీస్తాయి. అవి అందుకున్నవాళ్ల బతుకు మారింది, సందేహం లేదు. ఊళ్లోనే మిగిలిపోయిన పిల్లల సాయంత్రాల సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రాలకు కేంద్ర ప్రభుత్వం పెద్ద ఎత్తున వెల కట్టింది మొదట 1978 అక్టోబరు 2న, జాతీయ వయోజన విద్యా కార్యక్రమంతో. 15 నుంచి 35 ఏళ్ల వయసువాళ్లు, కేంద్రానికి ముప్పైమంది, చదువు చెప్పే మనిషికి నెలకు 50 రూపాయలు. దీన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. ఆ మాట వెనక ఒక లెక్క ఉంది. జీతం అంటే ఉద్యోగం, ఉద్యోగమంటే హక్కులు. గౌరవానికి అవేవీ అక్కర్లేదు. ఇంచుమించు అదే సమయంలో, 1979-80లో, బడి మానేసిన 6-14 ఏళ్ల పిల్లల కోసం అనియత విద్యా పథకం వచ్చింది. రోజుకు రెండు గంటలు, వాళ్లకు వీలైన వేళ, అంటే చాలాచోట్ల దీపాలు పెట్టాకే. 1980ల చివరికి దానిలో గౌరవ వేతనం నెలకు 105 రూపాయలు.

ఈ పథకంలో ఒక చిత్రం ఉంది. విద్యలో వెనకబడినవని పది రాష్ట్రాలకు గుర్తింపునిచ్చి డబ్బు ప్రధానంగా అటు మళ్లించారు. ఆంధ్రప్రదేశ్ ఆ జాబితాలో ఉంది, కర్ణాటక లేదు. బాగేపల్లి దాటి కాసేపు ప్రయాణిస్తే అప్పట్లో అనంతపురం జిల్లా. అదే నేల, అదే భాష, అవే మేకలు. సరిహద్దు రాయికి ఉత్తరాన ఉన్న పిల్లవాడు వెనకబడిన రాష్ట్రపు పిల్లవాడు; దక్షిణాన ఉన్నవాడు కాడు. రాష్ట్ర సగటులో బెంగళూరూ మంగళూరూ కలిసిపోయి బాగేపల్లి కనబడకుండా పోయింది. 1987లో సవరించినప్పుడు మిగతా రాష్ట్రాల్లోని మురికివాడలకూ, కొండ, గిరిజన, ఎడారి ప్రాంతాలకూ, పనిచేసే పిల్లలు ఎక్కువున్న చోట్లకూ పథకాన్ని చాచారు. స్వచ్ఛంద సంస్థలు నడిపే కేంద్రాలకైతే కేంద్రమే నూటికి నూరు శాతం ఇచ్చింది. ప్రభుత్వం చేరని పల్లెలో స్వచ్ఛంద సంస్థ ద్వారా ప్రభుత్వ డబ్బు చేరడమన్న పద్ధతి గ్రామీణ విద్యలో అప్పుడు స్థిరపడింది. దాంతో పాటు ప్రపోజల్, వాయిదా, వినియోగ ధ్రువపత్రం, ఆడిటు, మళ్లీ వాయిదా అన్న చక్రమూ స్థిరపడింది. మొదటి వాయిదా లెక్క తేలేదాకా రెండోది రాదు. ఆ మధ్యలో 105 రూపాయల మనిషి ఎదురుచూడాలి.

1988లో జాతీయ సాక్షరతా మిషన్ వచ్చి, తర్వాత జిల్లా జిల్లాకూ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమాలు మొదలయ్యాక వయోజన విద్యలో ఆ గౌరవ వేతనం కూడా పోయింది. నేర్పేవాళ్లు స్వచ్ఛందంగా వచ్చారు. నెల్లూరు జిల్లాలో ఆ ఉద్యమం సారా వ్యతిరేక పోరాటంగా మారిన సంగతి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. కానీ ఉద్యమం ఊపు మీద నడుస్తుంది. పిల్లల సాయంత్రాలు ఏళ్ల తరబడి, ఏ ఊపూ లేకుండా, రోజూ వస్తాయి.

బాగేపల్లికి ప్రత్యేకమైన అధ్యాయం ఈ ప్రభుత్వ పథకాలకు పక్కగా నడిచింది. 1977లో రామ్ ఎస్తేవ్స్ మొదలైనవాళ్లు ఇక్కడ అగ్రికల్చరల్ డెవలప్‌మెంట్ అండ్ ట్రైనింగ్ సొసైటీని పెట్టారు. అందరూ పిలిచే పేరు అదాట్స్. 1980ల నడిమికి దాని పని కూలీ సంఘాల నిర్మాణం వైపు తిరిగింది. కూలీ అన్న మాటలో భూమి లేనివాళ్లే కాక, ఎకరమో రెండెకరాలో మెట్ట ఉండి కూలికి పోక తప్పని చిన్న రైతులు కూడా చేరారు. ఊరికో సంఘం, వారం వారం సమావేశం, ఆడవాళ్లకు వేరే సమావేశం, ఊళ్ల పైన తాలూకా స్థాయి బాగేపల్లి కూలీ సంఘం. చింతామణి, చిక్కబళ్లాపురం, శిడ్లఘట్ట, గుడిబండ తాలూకాలకూ ఈ పద్ధతి పాకింది. పిల్లలు బడి మానకుండా చూడడం, అందుకు చేయూతనివ్వడం, ఆరోగ్యం, అప్పులు, కూలి రేట్లు అన్నీ ఆ సమావేశాల్లోనే తేలేవి. పిల్లల కార్యక్రమం విడిగా ఒక ప్రాజెక్టుగా కాకుండా తల్లిదండ్రుల సంఘం ఎజెండాలో ఒక అంశంగా ఉండటమే ఇక్కడి విశేషమని నేననుకుంటాను.

దీనికి డబ్బు యూరప్ నుంచి వచ్చింది. అది ఎలాంటి డబ్బో కొంచెం చెప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కోలుకున్న దేశాల్లో 1960లలో ఒక ఏర్పాటు రూపుకట్టింది. ప్రభుత్వం అభివృద్ధి సాయానికి కేటాయించిన పన్నుల సొమ్ములో కొంత చర్చిలకు అనుబంధంగా ఉన్న సంస్థల చేతికిస్తుంది. అవి పేద దేశాల్లోని స్థానిక సంస్థలకు అందిస్తాయి. జర్మనీలో 1962లో ఈజడ్‌ఈ అనే సంస్థ, నెదర్లాండ్స్‌లో 1964లో ఇక్కో ఇలా పుట్టినవే. అదాట్స్‌తో ఎక్కువకాలం నడిచిన దాతల్లో ఇక్కో ఒకటి. అంటే బాగేపల్లి పల్లెలో సాయంత్రం కూడిన సమావేశానికి వెనకెక్కడో డచ్చి పన్ను చెల్లింపుదారు ఉన్నాడు. ఈ డబ్బును మతం పేరుతోనో విదేశీ పేరుతోనో అనుమానించినవాళ్లున్నారు. అనుమానానికి చట్టరూపం అంతకుముందే ఉంది. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వచ్చింది. 1980ల నడుమ దాన్ని సవరించి, విదేశీ నిధులు తీసుకునే ప్రతి సంస్థా కేంద్ర హోం శాఖ దగ్గర నమోదు కావాలన్నారు. కూలీ సంఘాలు తలెత్తుతున్న సమయమూ అదే.

దాత నిధికి సహజంగానే గడువుంటుంది, చాలావరకు మూడేళ్లు. ఒకటో తరగతిలో చేరిన పిల్ల పదో తరగతి గట్టెక్కడానికి పదేళ్లు కావాలి. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న ఏడేళ్ల ఖాళీని ఎలా పూడ్చాలన్నది పిల్లలతో పనిచేసే ప్రతి సంస్థకూ ఎదురైన సమస్య. బాగేపల్లిలో దీనికి వెతికిన జవాబు గ్రాంటును ఖర్చుగా కాక మూలధనంగా మార్చడం. కూలీ క్రెడిట్ ఫండ్ అనే నిధిలో డబ్బు ఊరి సంఘం అదుపులో ఉంటుంది. ఎవరికి అప్పివ్వాలో సమావేశమే తేలుస్తుంది. తిరిగొచ్చిన డబ్బు మళ్లీ అదే ఊళ్లో తిరుగుతుంది. మెట్ట భూముల అభివృద్ధి కార్యక్రమంలోనూ ఇదే ఆలోచన ఉంది. వేసవిలో పనిలేని నెలల్లో కూలీలు తమ సొంత చేలల్లో రాళ్లేరి, గట్లు వేసి, కోసుకుపోయిన గండ్లు పూడ్చుకుంటే గ్రాంటులోంచి కూలి ముట్టేది. డబ్బు ఖర్చయిపోయినా గట్టు మిగిలింది. వీటికి తోడు సభ్యులు ఏటా తమ ఆదాయం నలుగురిలో చెప్పి దాన్నిబట్టి సంఘానికి పన్ను కట్టే పద్ధతి పెట్టారు. దాత ఇచ్చేదాంతో పోలిస్తే ఆ పన్ను చిన్న మొత్తమే. కానీ పన్ను కట్టినవాడు లెక్క అడుగుతాడు. ఊళ్లో పిల్లలకు పాఠం చెప్పే కుర్రవాడు మూడు రోజులు రాకపోతే నెదర్లాండ్స్‌కు నివేదిక పోయేదాకా ఆగనక్కర్లేదు. మర్నాడే ఎవరో ఒక తల్లి వాళ్ల ఇంటి ముందు నిలబడి, "ఏం నాయనా, మూడు దినాలుగా కనబడవే?" అంటుంది.

ఈ పద్ధతిని ఆదర్శంగా చూపి ఊరుకోవడం సరికాదు. సంఘం బలంగా ఉన్న ఊళ్లో ఇది నడుస్తుంది, లేని ఊళ్లో నడవదు. కులం గోడలు డబ్బుతో కరగలేదు. సాయంత్రపు బడి ఎక్కడ పెట్టాలి, కాలనీలోనా ఊళ్లోనా అన్న ప్రశ్న వచ్చిన ప్రతిచోటా ఆ గోడ కనబడుతుంది. చింతామణి తాలూకా కంబాలపల్లిలో 2000 మార్చి 11న ఏడుగురు దళితుల్ని సజీవదహనం చేశారు. 2006లో కింది కోర్టు, 2014లో హైకోర్టు నిందితుల్ని నిర్దోషులుగా తేల్చాయి. యువజన వికాసం అన్న శీర్షిక కింద ఈ తాలూకాల గురించి రాసే ప్రాజెక్టు పత్రంలో ఆ తేదీ కనబడకపోతే ఆ పత్రాన్ని పక్కన పెట్టేయవచ్చు.

2005 డిసెంబరులో డబ్బు దారి మరో మలుపు తిరిగింది. బాగేపల్లి ప్రాంతంలో 5,500 కుటుంబాలకు ఇంటికో గోబర్ గ్యాస్ తొట్టి కట్టించే పథకం క్యోటో ఒప్పందం కింద, ఐక్యరాజ్యసమితి స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో నమోదయింది. ఏడాదికి దాదాపు 19,500 టన్నుల కర్బన వాయువు తగ్గుతుందని అంచనా. తగ్గించిన ప్రతి టన్నూ ధనిక దేశాల కొనుగోలుదారుకు అమ్మదగిన సరుకు. ఇది గ్రాంటు కాదు, అమ్మకం. దాత దయ తలచి ఇవ్వలేదు, కొనుక్కున్నాడు. పిల్లల చదువుకూ దీనికీ సంబంధమేమిటంటే కట్టెల మోపు. పొయ్యిలోకి కట్టెలు తెచ్చేది ఆడవాళ్లూ ఆడపిల్లలూ. తెచ్చే వేళ బడి విడిచాకో, బడికి ముందో. పేడ కలిపి గ్యాసు వెలిగించుకున్న ఇంట్లో ఆ వేళ కొంత ఖాళీ అయింది. ఆడపిల్ల సాయంత్రానికి వెసులుబాటు తెచ్చిన సొమ్ము విద్యా శాఖ పద్దులో వెతికితే దొరకదు. ఈ మాటకు కర్బనపు వ్యాపారాన్ని పొగుడుతున్నానని అర్థం కాదు. ఆ టన్నుల ధర తర్వాతి ఏళ్లలో, 2012 నాటికి, ఘోరంగా పడిపోయింది. మార్కెట్టును నమ్ముకున్న పల్లె మార్కెట్టుతో పాటే ఊగాలి.

ఇటువంటి సాయంకాలపు చదువే, కానీ దేశీయ సంపన్నుల డబ్బుతో, ఆగ్నేయాన కుప్పం దగ్గర నడిచింది. బ్యాంకు ఉద్యోగం వదిలిన రామ్‌జీ రాఘవన్ 1999లో పెట్టిన అగస్త్య ఫౌండేషన్ ముందు వ్యాన్లలో సైన్సు ప్రయోగాలు పల్లె బడులకు మోసుకెళ్లింది. తర్వాత ఆపరేషన్ వసంత పేరుతో ఊళ్లలో రాత్రి బడులు పెట్టింది. ఆ ఊళ్లోనే కాస్త చదువుకున్న యువతీయువకులు సాయంత్రం పిల్లలకు పాఠాలు చెబుతారు. షేర్ల వ్యాపారి రాకేశ్ ఝున్‌ఝున్‌వాలా అగస్త్య పెద్ద దాతల్లో ఒకరుగా ఉండేవారు. గౌరవ వేతనం ఇక్కడా ఉంది. చెల్లించే చేయి మారింది.

మన దగ్గర ఈ డబ్బు అదృష్టాన్నిబట్టి వస్తుందనీ, అమెరికాలో పద్ధతిగా వస్తుందనీ అనుకునేవాళ్లున్నారు. అక్కడి కథా ఇలాగే మొదలైంది. 1935లో ఫ్లింట్ నగరంలో వ్యాయామోపాధ్యాయుడు ఫ్రాంక్ మాన్లీ మాటకు, కార్ల వ్యాపారంలో గడించిన చార్లెస్ స్టూవర్ట్ మాట్ 6,000 డాలర్లిచ్చి అయిదు బడులను సాయంత్రాలు తెరిపించాడు. మాట్ పెట్టిన ఫౌండేషన్ 1998లో ఫెడరల్ ప్రభుత్వంతో చేయి కలిపింది. బడి తర్వాతి చదువులకు అప్పుడు 4 కోట్ల డాలర్లున్న ఫెడరల్ పద్దు 2002 నాటికి వంద కోట్లయింది. స్వచ్ఛంద సంస్థలు ఆ డబ్బు కోసం పోటీపడి దరఖాస్తు చేసుకుంటాయి. ఇంత స్థిరపడిన ఏర్పాటును కూడా 2025 జూలైలో కొన్ని వారాలపాటు ప్రభుత్వం బిగపట్టింది, తర్వాత వదిలింది. మనకు తెలిసిన వాయిదాల బాధే అది.

మన దేశంలో ఇటీవలి ఏళ్లలో రెండు చట్టాలు ఈ డబ్బు రంగు మార్చాయి. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. విద్య ఆ జాబితాలో ఉంది. ఆచరణలో కంపెనీకి నచ్చేది ఫొటోకు అందే వస్తువు: స్మార్ట్ బోర్డు, మరుగుదొడ్డి, రంగులేసిన గోడ. సాయంత్రం కూర్చునే మనిషికి నెల నెలా ఇచ్చే సొమ్ము ఫొటోలో పడదు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని మళ్లీ సవరించారు. విదేశీ నిధి అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. పాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. ఖాతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే తెరవాలన్నారు. ఇంగ్లిషులో ప్రపోజల్ రాయలేని, ఢిల్లీ ఖాతా నడపలేని చిన్న సంస్థ పెద్ద సంస్థ చేతి కిందుగానే నిధి పొందేది. ఆ దారి మూసుకుపోయింది. మరుసటి ఏడు ఇక్కో కూడా కోర్డెయిడ్ అనే మరో డచ్చి సంస్థలో కలిసిపోయింది.

సరిగ్గా ఆ 2020లోనే కోవిడ్‌తో బడులు మూతపడి, పిల్లలకు రోజంతా బడి బయటి వేళే అయింది. కర్ణాటక ప్రభుత్వం ఆగస్టులో విద్యాగమ పేరుతో ఉపాధ్యాయుల్ని ఊళ్లకే పంపింది, చెట్ల కిందా గుడి అరుగుల మీదా పాఠాలు జరిగాయి, అక్టోబరులో ఆపేశారు. నవంబరులో మరొకటి మొదలైంది. అంతకు ముందటేడే గ్రామ పంచాయతీ గ్రంథాలయాలు గ్రంథాలయ శాఖ చేతినుంచి గ్రామీణాభివృద్ధి శాఖ కిందికి మారాయి. 'ఓదువ బెళకు' పేరుతో అక్కడ 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత సభ్యత్వం ఇచ్చారు. ఉమా మహదేవన్ అనే ఐఏఎస్ అధికారిణి దాని వెనక పట్టుదలగా నిలిచారు. పుస్తకాలకు దాతల్ని వెతికారు, గోడలకు బొమ్మలు వేయించారు, చాలాచోట్ల కంప్యూటర్లూ చేరాయి.

ఈ గ్రంథాలయాలకు ఉన్న ఆధారం పథకాలన్నిటికన్నా పాతది. 1965 నాటి కర్ణాటక గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్ను మీద గ్రంథాలయ సెస్సు పడుతుంది. ఇప్పుడది రూపాయికి ఆరు పైసలు. పెంకుటింటి పన్నులోనూ ఆ ఆరు పైసలున్నాయి. కూలీ సంఘం పన్ను పట్టిన చోట ఆ సంగతి ఎవరికీ కొత్తగా తోచదు. గ్రంథాలయం తలుపు తీసి ఉంచే మనిషిని మేల్విచారకులు అంటారు. ఆయనకు ముట్టేది చాలాకాలం గౌరవ వేతనమే. దాన్ని కనీస వేతనం చేయాలని వాళ్లు ఏళ్లుగా బెంగళూరు వీధుల్లో అడిగారు. బాగేపల్లి పల్లెలో ఆ తలుపు సాయంత్రం ఎన్ని గంటలదాకా తెరిచి ఉండాలన్నది ఇప్పుడు పంచాయతీ తీర్మానాల పుస్తకంలో తేలాల్సిన విషయం.